మహమ్మారి కాలంలో పరిశోధక విద్యార్థి

పీహెచ్‌డీ చేసేవారిని మన విశ్వవిద్యాలయాలు విద్యార్థులుగానే లెక్కిస్తాయి. వారికి హాజరు పట్టీ, హాస్టల్ గది, ఏటేటా కట్టవలసిన ఫీజు అన్నీ ఉంటాయి. అయితే తరగతి గదిలో కూర్చుని పాఠం వినే దశ మొదటి ఏడాది కోర్సు వర్కుతోనే దాదాపు ముగిసిపోతుంది. ఆ తరువాత మిగిలేవి ఒక ప్రశ్న, దానికి జవాబు వెతికే పని, ఆ పనికి దారి చూపే పర్యవేక్షకుడు, అంటే స్కాలర్లు గైడ్ అని పిలుచుకునే ఆచార్యుడు, చివరికి సమర్పించవలసిన సిద్ధాంత గ్రంథం. 2016 నాటి యూజీసీ నిబంధనలు ఈ పనికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువుగా పెట్టి, స్త్రీలకూ 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికీ మరో రెండేళ్లు సడలించాయి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించి, అదే నెల 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు, బడిపిల్లల ఆన్‌లైన్ తరగతుల గురించీ డిగ్రీ పరీక్షల గురించీ ఎంతో చర్చ జరిగింది, జరగవలసిందే కూడా. పరిశోధకులకు మాత్రం తరగతులూ పరీక్షలూ లేవు కనుక వారికి పెద్దగా నష్టం లేదనీ, ఇంటి దగ్గర ప్రశాంతంగా కూర్చుని గ్రంథం రాసుకోవచ్చుననీ చాలామంది అనుకున్నారు. ఈ ఊహ ఎంత పొరపాటో తెలియాలంటే ఒక్కొక్క శాస్త్రంలో పరిశోధన అనే పని దేనిమీద ఆధారపడి సాగుతుందో కొంత దగ్గరగా చూడాలి.

జీవశాస్త్ర ప్రయోగశాలలో పనిముట్లు ఎక్కువగా ప్రాణమున్నవే. గాజు పాత్రల్లో పెంచే కణాలకు రెండు మూడు రోజులకొకసారి పోషక ద్రవం మార్చకపోతే అవి చచ్చిపోతాయి. జన్యుశాస్త్రంలో వాడే పండు ఈగలను కొద్ది వారాలకొకసారి కొత్త సీసాల్లోకి మార్చకపోతే ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చిన వంశాలు అంతరిస్తాయి. కణాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరచి తరువాత మళ్లీ మేల్కొల్పవచ్చు గాని, ఆ నత్రజని కూడా ఆవిరైపోతూ ఉంటుంది కనుక తొట్టెను ఎవరో ఒకరు వచ్చి నింపుతూనే ఉండాలి. లాక్‌డౌన్ ప్రకటన మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు వెలువడి అదే అర్ధరాత్రి నుంచి అమలయింది. అప్పటికే మూతపడుతున్న ప్రయోగశాలల్లో ఏవి ఉంచాలో ఏవి వదులుకోవాలో తేల్చుకోవడానికి దొరికిన వ్యవధి అంతే. చాలాచోట్ల ఎలుకల సంఖ్యను బలవంతంగా తగ్గించుకోవలసి వచ్చింది. సగంలో ఉన్న ప్రయోగం ఆగడమంటే ఆగినచోట నుంచి మళ్లీ అందుకోవడం కాదు. ఎలుక వయస్సు ఎనిమిది వారాలున్నప్పుడు తీసుకోవలసిన కొలతను పదహారో వారంలో తీసుకుంటే అది వేరే కొలత అవుతుంది కనుక ప్రయోగాన్ని మొదటినుంచి మొదలుపెట్టవలసిందే.

వ్యవసాయ పరిశోధనలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పంట మొక్కల సంకరం, ఎరువుల మోతాదు, తెగుళ్ల నిరోధం వంటి అంశాల మీద పొలంలో చేసే ప్రయోగాన్ని సాధారణంగా ఒకటికి మించిన ఋతువుల్లో చేసి చూపాలి, ఎందుకంటే ఒక ఏటి వానతీరు వల్ల వచ్చిన ఫలితమా, విత్తనం గుణం వల్ల వచ్చిన ఫలితమా అన్నది అలా కాకుండా తేలదు. లాక్‌డౌన్ వచ్చిన సమయం రబీ జొన్న, శనగ కోతలు అయిపోతూ వరి గింజ కట్టే సమయం, అంటే కంకులు లెక్కపెట్టి, గింజ బరువు తూచి, ఏడాది శ్రమను అంకెల్లోకి ఎక్కించవలసిన సమయం. రైతుల పనులకు ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే వెసులుబాటు ఇచ్చింది గాని, ఊళ్లకు వెళ్లిపోయిన స్కాలర్లు తమ మడుల దగ్గరకు తిరిగి రావడానికి బస్సులూ లేవు, హాస్టళ్లూ తెరుచుకోలేదు. జూన్‌లో విత్తలేకపోయిన ఖరీఫ్ ప్రయోగం మరుసటి జూన్ దాకా ఆగవలసిందే. 2020 ఏప్రిల్ 29న యూజీసీ ఎంఫిల్, పీహెచ్‌డీ విద్యార్థులకు ఆరు నెలల గడువు పొడిగింపు ఇవ్వవచ్చునని విశ్వవిద్యాలయాలకు సూచించింది. సూచన మంచిదే, కాని పైరుకు ఆరు నెలల గడువు అనేది లేదు, దానికి ఉన్నది కారు మాత్రమే. గడువును క్యాలెండరులో కలపవచ్చును గాని పరిశోధనకు కావలసిన కాలాన్ని అలా కలపడం సాధ్యం కాదన్న విషయాన్ని ఆ రెండేళ్ల విధానాలు చివరిదాకా గుర్తించలేదనే చెప్పాలి.

సాహిత్యం, చరిత్ర వంటి శాఖలకు ప్రయోగశాలలు అక్కరలేదు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆ శాఖల ప్రయోగశాల గ్రంథాలయం. తెలుగు పత్రికల చరిత్ర మీద, ఆధునిక కవిత్వ తొలిదశ మీద పనిచేసే విద్యార్థి 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక సంచికలో, 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన భారతి సంచికలో కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికో, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో వెళ్లాలి. తాళపత్రాల మీద, బ్రౌన్ సేకరణల మీద పని అయితే చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి వెళ్లాలి. అవన్నీ మూతపడిన రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ అంతకు చాలాముందే స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన పాత పత్రికలూ, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరిన పుస్తకాలూ, దేశంలోని సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధ్‌గంగ భాండాగారమూ ఎందరినో ఆదుకున్నాయి. ఆ పని చేసిపెట్టినవారి ఋణం తీరేది కాదు.

అయినా ఆ నిధుల్లో వెతకడం ఎంత కష్టమో వెతికినవారికే తెలుసు. అనేక తెలుగు పుస్తకాల పేర్లు అక్కడ రోమన్ అక్షరాల్లో, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు వర్ణక్రమంతో నమోదయ్యాయి కనుక, ఒక శతకం దొరకాలంటే దాని పేరును నాలుగైదు రకాలుగా రాసి చూడాలి. దొరికినదానిలో నడుమ పుటలు ఉండకపోవచ్చు, లేదా రెండు పుటలు ఒకదానిపై ఒకటి పడి మసకబారి ఉండవచ్చు. అప్పట్లో స్కాన్ చేసినవి చాలావరకు కేవలం పుటల బొమ్మలు కనుక లోపలి మాటలను యంత్రం వెతికిపెట్టేది కాదు. పాత అచ్చులోని గుణింతాలనూ వత్తులనూ పోల్చుకుని బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ తెలుగుకు అప్పటికింకా తప్పులతోనే నడిచేది. వీటన్నిటికీ మించిన లోటు మరొకటి ఉంది. గ్రంథాలయంలో ఒక వ్యాసం కోసం సంపుటం తిరగేస్తున్నవారికి పక్క పుటలో ఒక మందుల ప్రకటనో, సంపాదకునికి ఎవరో రాసిన కోపపు లేఖో కనబడి, ఒక్కోసారి ఆ లేఖ నుంచే పరిశోధన అసలు దారి పడుతుంది. ఏ అలమారలో ఏ సంచిక ఉందో కార్డు కేటలాగు చూడకుండానే చెప్పగల గ్రంథపాలకుడు మాటల్లో ఇచ్చే ఆచూకీ సంగతీ అంతే. తాము అడిగినదాన్ని మాత్రమే చూపే తెర ముందు కూర్చున్న స్కాలర్లకు, అడగాలని తమకే తెలియనివి దొరికే అవకాశం ఆ రెండేళ్లలో చాలావరకు పోయింది. ఆ లోటును కొంతయినా పూడ్చింది స్కాలర్ల వాట్సాప్ బృందాలే. గ్రంథాలయాలు కొద్దిగంటల పాటు తెరుచుకున్నప్పుడు ఆ ఊళ్లో ఉన్నవారు వెళ్లి, ఎక్కడో ఉన్న తోటి స్కాలరుకు కావలసిన పుటలను ఫోన్లతో ఫొటోలు తీసి పంపేవారు. ఆ ఫొటోల అంచుల్లో పుటను పట్టుకున్న బొటనవేళ్లు కూడా పడేవి.

క్షేత్ర పరిశోధన, అంటే మనుషుల మధ్యకు వెళ్లి వారితో ఉండి, చూసి, విని, సమాచారం సేకరించే పద్ధతి, అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది. బయటివారి రాకను చాలా గ్రామాలు ముళ్లకంపలు అడ్డంవేసి ఆపాయి. అది వారి హక్కే, ఎందుకంటే వైద్యం దూరంగా ఉన్న గూడేలకు పట్నం నుంచి వచ్చే పరిశోధకుడే వ్యాధిని మోసుకొచ్చేవాడు కావచ్చు. మాటల్ని ఫోనులో సేకరిద్దామనుకున్నవారికి కొత్త చిక్కులు ఎదురయ్యాయి. ధ్వనిశాస్త్రం చదివే విద్యార్థి సంగతే చూడవచ్చు. సాంప్రదాయిక టెలిఫోను వ్యవస్థ మానవ స్వరంలోని సుమారు 300 నుంచి 3400 హెర్ట్‌జ్ వరకు ఉన్న కంపనాలనే మోసుకుపోతుంది. స, శ వంటి ఊష్మాల అసలు తేడా చాలావరకు అంతకంటే పై కంపనాల్లో ఉంటుంది. ‘చలి’లోని దంత్య చకారానికీ ‘చెలి’లోని తాలవ్య చకారానికీ ఉండే భేదం ఏ మండలంలో ఎంత నిలిచిందో కొలవదలచినవారికి ఫోను సంభాషణ చేతికి అందించేది సగం చెరిగిన ప్రతి లాంటిది.

సామాజిక శాస్త్రాల్లో చిక్కు ధ్వనిది కాదు, ఏకాంతానిది. ఇంట్లో జరిగే హింస గురించో, అప్పుల గురించో ఒక స్త్రీ చెప్పగలగాలంటే పక్కన ఎవరూ ఉండకూడదు. లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉండగా, ఇంటికంతటికీ ఉన్న ఒకే ఫోను భర్త చేతిలో ఉండగా, ఆమె ఇచ్చే ‘అంతా బాగానే ఉంది’ అన్న జవాబును ఏమని నమోదు చేయాలి? సమాచారం ఇచ్చేవారికి కీడు కలగకుండా చూడటం పరిశోధనా నీతిలో మొదటి సూత్రం కనుక, మనస్సాక్షి ఉన్న స్కాలర్లు ఎందరో ఆ ప్రశ్న అడగడమే మానుకుని, తమ అధ్యయనంలోని ఒక అధ్యాయాన్నే వదులుకున్నారు.

మరికొందరి విషయంలో అధ్యయన వస్తువే కళ్లముందు మారిపోయింది. వలస కూలీల మీద పనిచేస్తూ 2019లో ప్రశ్నావళి తయారుచేసుకున్నవారి ప్రశ్నలు, ఎందుకు వెళ్లారు, ఎంత సంపాదించారు, ఇంటికి ఎంత పంపారు అన్నవి, 2020 ఏప్రిల్‌లో రోడ్ల మీద నడిచిపోతున్న జనాన్ని చూశాక ఎలా సరిపోతాయి? దేశంలో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు ఆ ఏడాది మే 1న హైదరాబాదు శివార్లలోని లింగంపల్లి నుంచి సుమారు 1200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో వెళ్లినవారు కందిలోని ఐఐటీ ప్రాంగణంలో భవనాలు కడుతున్న కార్మికులు. విశ్వవిద్యాలయాలు ఎవరి మీద పరిశోధనలు చేస్తున్నాయో వారే ఆ ప్రాంగణాల గోడలు లేపుతున్నారన్న వాస్తవం అంతకుముందు సిద్ధాంత గ్రంథాల్లో ఎంత వరకు చోటు చేసుకుందో ఆలోచించవలసిన విషయం.

ఇక డబ్బు సంగతి. జాతీయ అర్హత పరీక్షలో ఫెలోషిప్ సంపాదించినవారికి అప్పట్లో మొదటి రెండేళ్లు నెలకు 31,000 రూపాయలు, ఆ తరువాత 35,000 రూపాయలు అందేవి. ఆ ఫెలోషిప్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరినవారికి 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఆదరువూ లేకుండా, ప్రైవేటు కళాశాలల్లో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేసేవారు మరెందరో ఉన్నారు. కళాశాలలు మూతపడగానే వారి జీతాలు ఆగిపోయాయి. ఫెలోషిప్ ఉన్నవారికైనా, విద్యార్థి పనిలో కొనసాగుతున్నాడని సంస్థ ప్రతినెలా పోర్టల్‌లో ధ్రువీకరిస్తేనే సొమ్ము విడుదలవుతుంది కనుక, కార్యాలయంలో గుమాస్తా లేని నెలల్లో ఆ సొమ్ము ఆలస్యమయ్యేది. ఆ సొమ్ము చాలా ఇళ్లలో ఒక్కరి ఖర్చు కోసం వచ్చేది కాదు. ఇంట్లో తొలిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కిన బిడ్డ పంపే డబ్బుతోనే తమ్ముడి ఫీజూ తల్లి మందులూ నడిచే కుటుంబాలు మన రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. గ్రంథ సమర్పణ గడువును యూజీసీ విడతలు విడతలుగా 2022 జూన్ 30 వరకు పొడిగించింది గాని, ఫెలోషిప్ కాలం మాత్రం ఐదేళ్లేనని స్పష్టం చేసింది. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ 2020 ఏప్రిల్‌లోనే చివరి ఏడాది డాక్టరల్ విద్యార్థులకు ఆరు నెలల వరకు భృతితో కూడిన పొడిగింపును ప్రకటించింది. రెండు దేశాల సంపదను పోల్చడం సరికాదన్న వాదన ఉండవచ్చు. కాని జీతం లేకుండా పొడిగించిన గడువు ఉన్నవారికే ఉపకరిస్తుందనీ, లేనివారిని మధ్యలో చదువు మాని ఉద్యోగం వెతుక్కునేలా చేస్తుందనీ గ్రహించడానికి సంపదతో పని లేదు.

ఇల్లు అందరికీ ఒకేలాంటి చోటు కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా, యూరప్‌లలోని 4,535 మంది శాస్త్రవేత్తలను అడిగి జరిపిన ఒక అధ్యయనం, పరిశోధనకు కేటాయించగలిగిన సమయం స్త్రీలకూ, ప్రయోగశాలల్లో పనిచేసేవారికీ, అన్నిటికంటే ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలున్నవారికీ తగ్గిందని తేల్చింది. అది అధ్యాపక స్థాయి శాస్త్రవేత్తల సంగతి. సొంత గది కూడా లేని పరిశోధక విద్యార్థినుల పరిస్థితి దాన్నిబట్టే ఊహించుకోవచ్చు. హాస్టల్ గది ఎంత ఇరుకైనదైనా అక్కడ ఆమె స్కాలరు. ఇంటికి రాగానే ఆమె కూతురో కోడలో అయిపోయి, వంట, పెద్దల సేవ, పెళ్లి మాటలు అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్న అమ్మాయి కళ్లెదుట ఖాళీగా కనిపించడమే చాలా ఇళ్లలో సంబంధాలు చూడటానికి కారణమైంది. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్న మనిషి పనిలో ఉన్నట్టే లెక్క అన్న సంగతి ఇంటివారికి నచ్చజెప్పడం తేలిక కాదు.

పని ఆగిపోయినవారు ఉన్నట్టే, పని రెట్టింపైనవారూ ఉన్నారు. కోవిడ్ నిర్ధారణకు వాడిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ఆ డీఎన్‌ఏ ముక్కను యంత్రంలో లక్షల రెట్లు పెంచి గుర్తిస్తారు. జన్యుశాస్త్ర విద్యార్థులకు ఇది తమ సొంత ప్రశ్నల కోసం దాదాపు ప్రతిరోజూ చేసే పని. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ లాక్‌డౌన్ తొలి వారాల్లోనే పరీక్షలు చేపట్టినప్పుడు అక్కడి యువ పరిశోధకులు ముందుకొచ్చి, తమ ప్రయోగాలను పక్కనపెట్టి, రక్షణ దుస్తుల్లో గంటల తరబడి నమూనాలు పరీక్షించారు. అదే సంస్థ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీతో కలిసి నగరపు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లను కొలిచింది. వ్యాధి సోకినవారి మలంలో వైరస్ శకలాలు సుమారు 35 రోజుల దాకా విడుదలవుతాయన్న ఆధారంతో, ముక్కులో పుల్ల పెట్టకుండానే ఒక నగరమంతటినీ ఒకేసారి పరీక్షించే మార్గం అది. హైదరాబాదులో సుమారు 6.6 లక్షల మందికి వ్యాధి సోకి ఉంటుందని 2020 ఆగస్టులో ఆ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అప్పటి అధికారిక లెక్కలకు అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇలాంటి సేవకు సిద్ధాంత గ్రంథంలో అధ్యాయం ఉండదు, డిగ్రీ కోసం లెక్కలోకి రాదు. ఆ నెలలను కూడా పరిశోధనగానే గుర్తించి ఉంటే ఎంతో న్యాయంగా ఉండేది.

విదేశాల్లో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగువారి బాధ వేరు. 2020 జూలై 6న అమెరికా వలస విభాగం, పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సుల్లో ఉన్న విదేశీ విద్యార్థులు దేశంలో ఉండరాదని ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాక జూలై 14న దాన్ని ఉపసంహరించుకుంది. ఎనిమిది రోజులే అయినా, అద్దె ఒప్పందాలు, బ్యాంకు అప్పులు, సగంలో ఉన్న ప్రయోగాలతో ఉన్నవారు గడపవలసిన ఎనిమిది రోజులవి. 2021 మే మొదటి వారంలో మన దేశంలో రోజుకు నాలుగు లక్షలకు పైగా కేసులు నమోదవుతుండగా, మే 4 నుంచి భారత్ నుంచి వచ్చేవారి మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. ఊళ్లో తండ్రికి ఆక్సిజన్ దొరకడం లేదని తెలిసినా, బయలుదేరితే తిరిగి వచ్చి చదువు కొనసాగించగలరో లేదో తెలియని స్థితిలో, ఎందరో పిల్లలు అంత్యక్రియలను ఫోను తెర మీదే చూశారు.

పరిశోధన ఒంటరి పని అన్నది మామూలు రోజుల్లోనూ నిజమే. మహమ్మారికి ముందు 2019లో నేచర్ పత్రిక 6,300 మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులను అడిగితే, 36 శాతం మంది చదువు వల్ల కలిగిన ఆందోళనకో కుంగుబాటుకో సహాయం కోరామని చెప్పారు. ఆ ఒంటరితనాన్ని భరించదగినదిగా చేసేవి చిన్న చిన్నవి. క్యాంటీన్‌లో టీ తాగుతూ తోటివాడు ‘నాకూ అదే చిక్కు వచ్చింది’ అనడం, నడవాలో ఎదురైన గైడ్ నిలబడి రెండు మాటలు చెప్పి వెళ్లడం వంటివి. జూమ్ సమావేశానికి సమయం ముందుగా కుదుర్చుకోవాలి, విషయం చెప్పాలి. ‘పని ఏమీ కాలేదు’ అని చెప్పడానికి ఎవరూ సమావేశం కోరుకోరు కనుక, పని సాగనివారే క్రమంగా కనుమరుగయ్యారు. మహమ్మారి రెండో విడతలో కొందరు గైడ్లనే పోగొట్టుకున్నారు. అలాంటప్పుడు విభాగం మరొక ఆచార్యుణ్ని పర్యవేక్షకుడిగా నియమిస్తుంది, నియమం ప్రకారం అంతటితో లోటు తీరుతుంది. కాని నాలుగేళ్లుగా ఒక ఆలోచనను తనతోపాటు మోసిన మనిషి పోయాక, ఆ ఆలోచనను కొత్తవారికి మొదటినుంచి వివరించవలసి రావడం కూడా దుఃఖంలో భాగమే.

చివరి మెట్టు మౌఖిక పరీక్ష. స్కాలర్లు వైవా అనే ఈ పరీక్షలో బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు సిద్ధాంత గ్రంథం మీద ప్రశ్నలు వేస్తారు. నిబంధనల ప్రకారం అది బహిరంగ పరీక్ష కనుక విభాగంలోని అధ్యాపకులూ తోటి స్కాలర్లూ వచ్చి వినవచ్చు. 2020 ఏప్రిల్ మార్గదర్శకాలు దీన్ని వీడియో ద్వారా జరపడానికి అనుమతించాయి. ప్రశ్న మధ్యలో మాట తెగిపోవడం, ఊళ్లో సిగ్నలు కోసం మేడ ఎక్కి జవాబులు చెప్పవలసి రావడం ఆ వైవాల్లో మామూలైంది. అదే సమయంలో, విశ్వవిద్యాలయ సెమినార్ హాలులో అడుగుపెట్టడానికి జంకే తల్లిదండ్రులు, తమ ఇంటి వసారాలోనే తమ బిడ్డ పక్కన, కెమెరాకు అందని చోట చాప మీద కూర్చుని ఆ పరీక్షను మొదటినుంచి చివరిదాకా విన్నారు. ప్రశ్నలు చాలావరకు ఇంగ్లీషులో సాగి ఉంటాయి. చివర పరీక్షకుడు ‘డాక్టర్’ అని చేర్చి పేరు పిలిచినప్పుడు మాత్రం వారికి అనువాదం అక్కరలేకపోయింది.